మధ్యాహ్నం పాడని యంత్రం

"ఇతను ఏం దొంగిలించాడు సార్?" అని అడిగింది నవనీత.

"గొంతు," అన్నాడు ఉమాపతి.

ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు. బల్ల మీదున్న పాత సెల్‌ఫోన్‌ను వేలితో ఆమె వైపు నెట్టాడు.

యూనివర్సిటీ క్యాంపస్‌లో కన్వెన్షన్ హాలు వెనక, జనరేటర్ పక్కన ఉన్న సెక్యూరిటీ గది అది. హాల్లో అంతర్జాతీయ సంగీత వాణిజ్య మేళా చివరి రోజుకు వచ్చింది. పాటల హక్కులు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, రికార్డింగ్ కంపెనీలు, వాద్యాలు చేసేవాళ్ళు దేశదేశాల నుంచి దిగారు. కాపలా కాంట్రాక్టు ఉమాపతి ఏజెన్సీది. ఆయన రిటైరైన ఇన్‌స్పెక్టరు. నవనీత ఒకప్పుడు ఆయన కింద ఎస్సైగా పనిచేసింది. ఆయన మూసెయ్యమన్న ఒక ఫైలు మూయనని మొండికేసి, చివరికి ఉద్యోగమే మానేసి, తార్నాకలో ఒక జిరాక్స్ షాపు పైన డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అప్పటినుంచి ఇద్దరూ ఎదురుపడిన ప్రతిసారీ ఏదో ఒక మాట మిగిలిపోతూనే ఉంది.

మూల కుర్చీలో సామేలు తల వంచుకుని కూర్చున్నాడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో టికెట్ల క్లర్కు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటాడు. అతని భార్య భూమిక ఇదే యూనివర్సిటీలో రీసెర్చి చేస్తోంది. పొలాల్లో ఆడవాళ్ళు పాడుకునే పాటలు ఊరూరా తిరిగి సేకరించి, వాటిని తనే పాడుతుంది. వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం రికార్డింగ్ ఉందని చెప్పి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఈ వారంలోనే సామేలు నవనీత ఆఫీసు మెట్లెక్కాడు.

"స్టాల్లో వాళ్ళ యంత్రం పాడుతుంటే హెడ్‌ఫోన్ల దగ్గర సెల్లు పెట్టి రికార్డు చేశాడు," అన్నాడు ఉమాపతి. "నిన్న ఒకసారి, ఇవ్వాళ ఒకసారి. ఆ గొంతు వాళ్ళ ఆస్తి. సాయంత్రం దాన్ని విదేశీ కంపెనీకి అమ్ముతున్నారు. సంతకాలయ్యాక ఇతన్ని పోలీసులకి అప్పజెప్తాను. నీ క్లయింటు కాబట్టి నీకో మాట చెప్పి పంపిద్దామని పిలిచాను."

"థాంక్స్ సార్. అయిదు నిమిషాలు మాట్లాడొచ్చా?"

"నా ఎదురుగానే మాట్లాడు."

నవనీత కుర్చీ జరుపుకుని సామేలు ముందు కూర్చుంది.

"మీరు ఈ మేళాకు ఎందుకు వచ్చిన్రు? నాకు చెప్పలేదు."

"ఆమె వస్తదని," అన్నాడు సామేలు.

"ఎవరన్న చెప్పిన్రా?"

"ఎవరు చెప్తరు మేడమ్. ఈ మేళ గురించి ఏడాది సంది ఒకటే కలవరం ఆమెకు. పాసు కొనుక్కున్నది. కార్డులు కొట్టిచ్చుకున్నది. రాత్రి తిన్నంక నన్ను కుర్సీల కూసోపెట్టి నువ్వు ఫారిన్ కంపెనీ అనేటిది. ఇంగ్లీషుల తన పాటల సంగతి చెప్పేది. నేను వద్దు పో అనాలె. ఆమె నన్ను ఒప్పియ్యాలె. గదే మాకు రోజు ఆట." అతను అరచేతులు రుద్దుకున్నాడు. "నన్నిడిచి పోయిందే అనుకో. ఇంకెవరితోనన్న ఉన్నదే అనుకో. అయినా ఈడికి మాత్రం వస్తదనుకున్న. దూరంకెల్లి చూసి పోదామనుకున్న."

ఉమాపతి కిటికీ వైపు తిరిగాడు.

"చూసిన్రా?"

"చూడలే, ఇన్న. మొదటి రోజు పొద్దుగాల్నే వచ్చి గేటు కాడ నిలబడ్డ. రాలే. లోపట తిరుగుతుంటే ఒక స్టాల్ల హెడ్‌ఫోన్లు పెట్టుకోమన్నరు. పెట్టుకున్న. భూమిక పాడుతున్నది."

"మైనా," అన్నాడు ఉమాపతి. "దాని పేరు మైనా. మనం నాలుగు ముక్కలు టైపు చేస్తే కాసేపట్లో పాట కట్టి పాడే యంత్రం. కంప్యూటరమ్మా అది. ఎవరి గొంతో పోలి ఉంటే ఉండొచ్చు. పెళ్ళాం మీద బెంగ పెట్టుకున్నవాడికి గాలి వీచినా పెళ్ళాం పిలిచినట్టే ఉంటుంది."

సామేలు తలెత్తాడు. "ఆమె కాదని మీరు రుజువు చేసినా మంచిదే సార్. ఇంకొక్కసారి ఇననియ్యున్రి."

నవనీత ఫోన్ అందుకుని మొదటి రికార్డింగ్ నొక్కింది. చిన్న స్పీకర్లోంచి ఒక ఆడగొంతు వచ్చింది. సన్నగా మొదలై, చివర్లో కాస్త మట్టిరంగు తేలే గొంతు.

*వాడంత దేవులాడితి, వాగంత దేవులాడితి,*
*వదినమ్మ జాడేదో చెప్పరమ్మా.*

"ఈ పాట టైపు చేసింది మీరేనా?"

"నేనే. వాళ్ళ ఊరి పాట. కానీ మేడమ్, నేను 'దేవులాడితి' అని కొట్టలే. 'వెతికితి' అని కొట్టిన."

"ఎందుకు? పాటల ఉన్న మాట కొట్టక?"

"ఆ మెసేజ్ మాట నా తలకాయల తిరుగుతున్నది."

ఆ మెసేజ్ నవనీతకు తెలుసు. భూమిక కనబడకుండా పోయిన మూడో నాడు ఆమె ఫోన్ నుంచే వచ్చింది: 'నన్ను వెతకొద్దు. నేను సంతోషంగా ఉన్నాను.' దాంతోనే పోలీసులు ఫైలు పక్కన పెట్టారు. భూమిక తనకు ఎప్పుడు రాసినా 'దేవులాడకు' అనే రాస్తుందని సామేలు మొత్తుకుంటే, స్టేషన్లో ఎవరో నవ్వారట.

"సార్, ఒక్క సంగతి," అంది నవనీత. "ఇతను ఒక మాట టైపు చేస్తే యంత్రం అదే అర్థమున్న ఇంకో మాట పాడింది. దిద్దుకుంది."

"మాండలికం నేర్పి ఉంటారు."

"అట్లనే అనుకుందాం. ఇది వినండి." ఆమె రెండో రికార్డింగ్ నొక్కింది. అదే గొంతు, కానీ పై స్థాయికి వెళ్ళిన చోట గీసుకుపోయింది. ఒకచోట మాట విరిగి, మళ్ళీ అతుక్కుంది.

"ఇది ఇవ్వాళటిది," అన్నాడు సామేలు. "చల్ల నీళ్ళు తాగితే ఆమె గొంతు గట్లనే అయితది."

నవనీత ఫోన్ కింద పెట్టింది. "నిన్న బాగున్న యంత్రానికి ఇవ్వాళ జలుబు చేసిందా సార్?"

ఉమాపతి ఫోన్ వైపు చూసి, "స్టాలు చూడాలంటావు. అంతేగా?" అన్నాడు.

"అంతే."

"పద. నేనూ వస్తాను. నువ్వు అక్కడ ఏది ముట్టుకున్నా నా బాధ్యత."

---

మైనా స్టాలు హాలు నడిమధ్యలో ఉంది. మూడు వైపులా అద్దాలు, లోపల శబ్దం రాకుండా మెత్తటి నురగ పలకలు, ఒక తెర, కీబోర్డు, రెండు జతల హెడ్‌ఫోన్లు. లోపల ఒక విదేశీ ప్రతినిధి కళ్ళు మూసుకుని వింటున్నాడు. పాట అయిపోయాక కూడా కాసేపు కళ్ళు తెరవలేదు. బయటికి వచ్చి, పక్కనున్న యువకుడి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆ యువకుడు కృష్ణకిశోర్. అందరూ కిట్టు అంటారు. కంపెనీ అతనిదే. ప్రతినిధిని టీ కౌంటర్ వైపు పంపించి ఇటు తిరిగాడు.

"ఉమాపతిగారూ, ఆ మనిషిని మళ్ళీ ఎందుకు తీసుకొచ్చారండీ?"

"ఈవిడ నవనీత. డిటెక్టివ్. రెండు ప్రశ్నలు అడుగుతుందట."

"అడగండి మేడమ్." కిట్టు నవ్వు చాలా మర్యాదగా ఉంది.

"ఈ గొంతు ఎవరిది?"

"ఎవరిదీ కాదండీ. వందల గొంతులు విని యంత్రం తయారుచేసుకున్న గొంతు."

"అందులో భూమిక గొంతు ఉందా?"

"ఉండొచ్చు. ఆవిడ మా దగ్గర రెండు రోజులు రికార్డింగ్ ఇచ్చారు. సంతకం పెట్టారు, డబ్బు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. పోలీసులకి అప్పుడే చెప్పాను."

ఈ సంగతి నవనీతకు కొత్త. ఉమాపతి ముఖం చూసింది. ఆయనకూ కొత్తేనని తెలిసిపోయింది.

"యంత్రం దగ్గుతుందా కిట్టుగారూ?"

"అర్థం కాలేదు."

"ఇవ్వాళ గొంతు బొంగురుపోయింది."

"రియలిజం అండీ. మనిషిలా వినిపించాలంటే కొంచెం లోపం కలపాలి. అదే మా గొప్ప." అతను వాచీ చూసుకున్నాడు. "ఒంటిగంటవుతోంది. డెమో ఆపేస్తాం. మళ్ళీ రెండున్నరకి."

"ఎందుకు ఆపుతారు?"

"సర్వర్ చల్లబడాలి."

"రోజూ ఇదే వేళకా?"

"రోజూ."

"మా ఇంట్లో కూడా అందరూ ఆ వేళకే చల్లబడతారు," అంది నవనీత. "అన్నం తిని."

కిట్టు నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం ఒక్కసారి ఉమాపతి మీదికి వెళ్ళి వచ్చాయి. "నాకు ప్రతినిధులతో మీటింగ్ ఉందండీ. ఏం కావాలన్నా సుధామయిని అడగండి," అని హాలు చివరి ద్వారం వైపు నడిచాడు. నడుస్తూనే ఫోన్ తీశాడు. ప్రతినిధులు కూర్చున్న టీ కౌంటర్ కుడివైపున ఉంది. అతను ఎడమవైపుకి పోయాడు.

సుధామయి స్టాలు చూసుకునే అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. మెడలో కంపెనీ కార్డు, చెవిలో ఇయర్‌ఫోన్. నవనీత అద్దాల గది వెనక తెర తొలగించి చూసింది. ఒక చిన్న బల్ల, లాప్‌టాప్, మైకున్న హెడ్‌సెట్. పెద్ద యంత్రం ఏదీ లేదు.

"జనం టైపు చేసింది ఎక్కడికి పోతుందమ్మా?"

"ముందు నా లాప్‌టాప్‌కి వస్తుందండీ. బూతులేమైనా ఉన్నాయేమో చూసి సర్వర్ రూముకి పంపిస్తాను."

"పంపినాక?"

"అయిదారు నిమిషాల్లో పాట వస్తుంది."

"చిన్న పాటకైనా, పెద్ద పాటకైనా అంతేనా?"

సుధామయి ఆలోచించింది. "లేదండీ. తేలికగా ఉంటే తొందరగా వస్తుంది. నోరు తిరగని మాటలుంటే ఆలస్యమవుతుంది."

"నోరు ఎవరికమ్మా?"

ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంది. ఉమాపతి కూడా ఈసారి అడ్డు రాలేదు.

"చెప్పు," అంది నవనీత. "నీకు తెలిసింది చెప్తే తప్పు నీది కాదు."

"మొదటి రోజు పాటకి ముందు ఎవరో దగ్గినట్టు వినిపించిందండీ. తర్వాత ఒక ఆడగొంతు, 'కొంచెం నీళ్ళియ్యి' అంది. చాలా చిన్నగా. కిట్టుగారికి చెప్పాను. అది ట్రైనింగ్ రికార్డుల్లోంచి వచ్చి ఉంటుందన్నారు. నేను నమ్మానండీ." ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్ తీసేసింది. "నమ్మాలనుకున్నాను."

సామేలు అద్దానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నవనీతా, తొందరపడకు," అన్నాడు ఉమాపతి, ఆమెను పక్కకి పిలిచి. "దగ్గు, బొంగురు, భోజనం వేళ. ఇవన్నీ అనుమానాలు. వీటితో ఒక్క తలుపు కూడా తట్టలేం. తప్పయితే పరాయి దేశాల వాళ్ళ ముందు పరువు పోతుంది. నా కాంట్రాక్టు పోతుంది."

"ఆ ఫైలు మూసెయ్యమన్నప్పుడు కూడా మీరు ఇదే అన్నారు సార్. తొందరపడకు అని. ఆ అమ్మాయి దొరికేటప్పటికి ఏం మిగిలిందో మీకు గుర్తుంది."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఆ మాట నువ్వు ఎన్నాళ్ళంటావు?"

"మీరు ఒక్కసారి నాతో నిలబడేదాకా. రెండున్నరకి యంత్రాన్ని ఒక ప్రశ్న అడుగుదాం. నిజంగా యంత్రమైతే రాసింది రాసినట్టు పాడుతుంది. అప్పుడు నేనే సామేలును పోలీసుల దగ్గరికి తీసుకుపోతాను."

"యంత్రం కాకపోతే?"

"జవాబు చెప్తుంది."

---

రెండున్నర దాకా సామేలు స్టాలు వదల్లేదు. నవనీత తెచ్చిన సమోసా చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఒకసారి మాత్రం, తనలో తనే అన్నట్టు, "ఏం రాయాలె మేడమ్?" అన్నాడు.

"మీ ఇద్దరికే తెలిసిన బాణీల రాయున్రి. అడిగినట్టు రాయున్రి. జవాబు రాయకున్రి."

తెర మీద పచ్చదీపం వెలిగింది. సామేలు ముందు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

*ఏడున్నవే నువ్వు ఏడున్నవే,*
*ఎవ్వరి కట్టడిల చిక్కున్నవే.*

సుధామయి ఆ రెండు వరసలూ చదివి, నవనీత వైపు చూసి, పంపించింది.

రెండు జతల హెడ్‌ఫోన్లే ఉన్నాయి. ఒక జత సామేలు పెట్టుకున్నాడు. రెండో జతను విప్పదీసి, ఒక చెవి కప్పు నవనీత, ఇంకో చెవి కప్పు ఉమాపతి ఆనించుకున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి తలలూ అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

అయిదారు నిమిషాలు కాదు, అంతకంటే చాలాసేపే పట్టింది. ఒక దశలో ఉమాపతి చేతిలోని కప్పు కిందికి దించబోయాడు. అప్పుడు ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది.

మొదటి వరస రాసినట్టే వచ్చింది. రెండో వరస సగంలో గొంతు వణికింది. ఆగింది. సామేలు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత అదే బాణీలో, తెర మీద లేని మాటలు మొదలయ్యాయి.

*కిటికి లేని అర్ర, కిందంత గోదాము,*
*రైలొచ్చినప్పుడల్ల ఊగుతది గోడ.*
*పొద్దుగూకినంక పోదమన్నరయ్యా,*
*ఏడికని అడిగితె ఎవ్వరనరయ్యా.*

"ఏయ్," అంది ఒక మగగొంతు, పాట మీద పడి. "గిదేంది? తెర మీద ఉన్నది పాడమ్మా."

పాట తెగిపోయింది.

నవనీత తల తిప్పింది. ఉమాపతి చెవి కప్పును ఇంకా గట్టిగా నొక్కుకునే ఉన్నాడు.

"ఆ గొంతు..." అన్నాడు.

"ఎవరిది సార్?"

"వెంకటేశం. మా గార్డు." ఆయన జేబులో ఫోన్ తడుముకున్నాడు. "లాలాపేట్‌లో, రైలు పట్టాల పక్కన వీళ్ళ సర్వర్ గది ఉంది. ఖరీదైన యంత్రాలు, ఇరవై నాలుగ్గంటలూ మనిషి కావాలన్నాడు కిట్టు. నేనే పెట్టాను. నేను ఒక్కసారి కూడా లోపలికి పోయి చూడలేదు నవనీతా."

ఆమెకు అనడానికి చాలా ఉంది, కానీ ఇప్పుడు కాదు. "ఫోన్ చెయ్యండి," అంది.

ఉమాపతి నంబరు నొక్కాడు. ఒక క్షణం తర్వాత హెడ్‌ఫోన్లలో, ఎక్కడో గదిలో, ఒక ఫోన్ మోగడం ముగ్గురూ విన్నారు. సామేలు బల్ల అంచు పట్టుకున్నాడు.

"నమస్తే సార్," అన్నాడు వెంకటేశం. ఆ మాట ఫోన్లోనూ వచ్చింది, హెడ్‌ఫోన్లలోనూ వచ్చింది.

"ఆ గదిలో ఎవరున్నారు?"

"ఆగున్రి సార్, బయటకొస్త." తలుపు కిర్రుమంది. ఆ తర్వాతి మాటలు ఫోన్లోనే వినిపించాయి. "కిట్టు సార్ చెల్లె సార్. తలకాయ ఖరాబైందట. పాటలు పాడితె నిమ్మళమైతదని డాక్టర్ చెప్పిండట. ఏం సార్?"

"ఆవిడ ఎవరి చెల్లెలూ కాదు. లోపలికి పోయి గడియ వెయ్యి. ఎవరు పిలిచినా తియ్యకు. నేను వస్తున్నాను."

అవతల రెండు అడుగులు వినిపించి ఆగాయి. "సార్... కిట్టు సార్ మెట్లెక్కుతున్నడు. ఇంకిద్దరున్నరు ఎంబడి. కింద వ్యాన్ పెట్టిన్రు."

"వెంకటేశం, అడ్డం నిలబడు. వినపడుతోందా? అడ్డం నిలబడు."

ఫోన్ ఎక్కడో రాతి మీద పడిన చప్పుడైంది. లైను పోయింది.

ఉమాపతి రెండోసారి నంబరు కొట్టలేదు. అద్దం బయట నిలబడ్డ తన మనుషులిద్దరికి సైగ చేశాడు. "జీపు తియ్యండి. తార్నాక చౌరస్తా నుంచి పోదాం. పోలీస్ కంట్రోల్‌కి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తున్నా," అంది నవనీత. అప్పటికే ఆమె ఫోన్ చెవి దగ్గర ఉంది.

"మేడమ్," అన్నాడు సామేలు.

అతను హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదుముకుని ఉన్నాడు. నవనీత రెండో జతను అందుకుని విన్నది. మైకు ఎవరూ ఆపలేదు. గది చప్పుడు వస్తూనే ఉంది. గబగబా నాలుగు అడుగులు. ఇనుము మీద ఇనుము జారిన శబ్దం. తర్వాత మైకుకు చాలా దగ్గరగా ఊపిరి.

"సామేల్." ఈసారి పాట కాదు. అలసిపోయిన ఆడమనిషి మామూలుగా మాట్లాడుతోంది. "నువ్వేనని నిన్ననే తెలిసింది. లోపట గడియ పెట్టిన. పాతది. ఎంతసేపు ఆగుతదో తెల్వదు."

తలుపు మీద మొదటి దెబ్బ పడింది.

ఇన్ని వారాలు ఆ ఒక్క గొంతు కోసం తిరిగిన మనిషి, హెడ్‌ఫోన్లు తీసి సుధామయి చేతిలో పెట్టాడు.

"నువ్వు ఇనమ్మా," అన్నాడు. "ఏం ఇనబడ్డా మేడమ్‌కు ఫోన్ల చెప్పు." నవనీత తన నంబరున్న కార్డు ఆమెకు ఇచ్చింది.

ఉమాపతి జీపు దగ్గరికి చేరేసరికి సామేలు అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. పోలీసులకి చెప్పడం ముగించి నవనీత ఎక్కి తలుపు వేస్తుండగా ఆమె ఫోన్లో సుధామయి అంటోంది: "రెండో దెబ్బండీ... మూడు... ఆవిడ మాట్లాడటం లేదు. బల్ల ఏదో తలుపుకి అడ్డంగా తనే లాగుతున్న చప్పుడండీ."